ఒక సెలూను, ఒక జత కడియాలు

"నాన్నా, రేపు మిమ్మల్ని 1879 నాటి సెలూనుకు తీసుకొని పోతాను" అని మా అబ్బాయి అన్నప్పుడు నేను గడ్డం తడుముకున్నాను. "క్షౌరానికి నూరు మైళ్లు పోవడం ఎందుకురా? అయినా మొన్ననే చేయించుకున్నాను కదా" అన్నాను. కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

తప్పు నాది కాదు, మాటది. ఫ్రెంచివారి 'సలోన్' అంటే నలుగురు కూర్చొని మాట్లాడుకొనే విశాలమైన గది. అది ఇంగ్లీషులోకి వచ్చి 'సెలూన్' అయినది. మన దేశంలో రైల్వే అధికారుల ప్రత్యేకపు పెట్టెకు ఆ పేరు పెట్టారు. మన ఊళ్లలో క్షౌరశాలకు పెట్టారు. అమెరికా పడమటి కొండల్లో సారాకొట్టుకు పెట్టారు. ఒకే మాట మూడు దేశాల నీళ్లు తాగితే మూడు వేషాలు వేస్తుంది. ముప్పై మూడేళ్లు తెలుగు పాఠం చెప్పిన నాకు ఇది తెలియకపోలేదు. సమయానికి తట్టలేదు, అంతే.

మద్యం ముట్టనివాడిని, పైగా పంతులును. అటువంటివాడు సారాకొట్టు యాత్ర గురించి టపా రాయడమేమిటని మిత్రులు అనుకోవచ్చు. కారణం ఉన్నది. మా ఇంట్లో నాలుగు తరాలుగా తేలని ఒక లెక్క, ఆ సెలూనులో కూర్చున్న ఒక ముసలాయన మాటతో తేలింది. ఆ లెక్క చెప్పడానికే ఈ టపా.

2024 జూన్‌లో డెన్వర్ నుండి బయలుదేరాం. డెన్వర్ నగరమే 5,280 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడినుండి దారి పైపైకే. ఫ్రీమాంట్ కనుమ వద్ద 11,300 అడుగులు దాటాం. జూన్ నెలలో కూడా కొండ మడతల్లో మంచు పాత గోడమీది సున్నంలా అంటుకొని ఉన్నది. కనుమ పక్కనే క్లైమాక్స్ అనే పెద్ద గని కనిపించింది. ఉక్కును గట్టిపరిచే మాలిబ్డినం అక్కడ తవ్వుతారు. అక్కడినుండి కొంత దిగితే లెడ్‌విల్. ఎత్తు 10,152 అడుగులు. మన ఊటీ 7,300 అడుగులే. నాలుగు అడుగులు వేసేసరికి గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది.

లెడ్ అంటే సీసం. విల్ అంటే ఊరు. కనుక ఇది సీసపురి. సీసం అనగానే నాకు పద్యమే గుర్తుకు వస్తుంది గాని, ఈ ఊరి సీసం నేలలోనిది. ఆ కథ కొంచెం చెప్పాలి.

1860లో ఈ కొండల కింది ఒక గల్చిలో, అంటే వాగు కోసిన ఇరుకు లోయలో, బంగారు రజను దొరికింది. వేలమంది వచ్చి ఇసుకను కొయ్య దోనెల్లో పోసి కడిగారు. కొన్నేళ్లకే బంగారం అడుగంటింది. కడిగినంత కాలం వాళ్లను విసిగించినది ఒక బరువైన నల్లని ఇసుక. దోనెల్లో పేరుకొని బంగారాన్ని పట్టనిచ్చేది కాదు. దానిని తిట్టుకొంటూ పక్కకు ఎత్తిపోశారు. 1870ల నడుమ ఎవరో బుద్ధిమంతులు దానిని పరీక్ష చేయించారు. అది సీసపు ఖనిజం, అందులో వెండి ఉన్నది! పదిహేనేళ్లపాటు చీదరించుకొన్నది లక్ష్మి అని తేలింది. 1877 నాటికి గుడిసెలు లేచాయి. 1880 జనాభా లెక్కల్లో ఈ ఊరి జనం 14,820 మంది. 2020 లెక్కల్లో 2,633 మంది. ఈ రెండు అంకెల నడుమ ఏమి జరిగిందన్నదే ఈ ఊరి చరిత్ర.

హారిసన్ అవెన్యూ అనే పెద్దవీధి ఊరి మధ్యగా పోతుంది. ఒకవైపు టేబర్ ఆపెరా హౌస్ అనే నాటకశాల. దానికి ఎదురుగా మేము చూడవచ్చిన సిల్వర్ డాలర్ సెలూను. పేరులోనే వెండి ఉన్నది చూశారా!

తలుపు తీయగానే గది కనిపించదు. ఎదురుగా నిలువెత్తు చెక్క అడ్డు ఉన్నది. చుట్టి లోపలికి పోవాలి. కొండగాలి లోపలికి తోసుకొని రాకుండా పెట్టినదని ఒక మాట. వీధిన పోయే ఆడవారికీ పిల్లలకూ లోపలివారు కనబడకుండా పెట్టినదని మరో మాట. రెండూ నిజమే కావచ్చు. మన కల్లుపాకలకు తడిక అడ్డం పెట్టినట్లే ననుకున్నాను. తాగేవాడి సిగ్గు అన్ని దేశాల్లోనూ ఒక అడ్డును కోరుతుంది. ఆ అడ్డుకు బయట ఉన్నవారు చివరకు ఓటుహక్కు సంపాదించారు. 1893 నవంబరులో కొలరాడో పురుషులే ఓటువేసి స్త్రీలకు ఆ హక్కు ఇచ్చారు. 1916 జనవరి 1 నుండి ఆ రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. దేశమంతటా వచ్చినది 1920లో. మన దూబగుంట ఆడబిడ్డలను తలచుకొని ముందుకు నడిచాను.

లోపల పొడుగాటి బల్ల. దాని వెనుక గోడ పొడవునా చెక్కడపు కొయ్యపని, దాని మధ్య పెద్ద అద్దాలు. వాటిలో మమ్మల్ని మేము చూసుకొంటే పాత ఫోటోలో ఉన్నట్లు అనిపించింది. మా అబ్బాయి నాకు అల్లపు సోడా తెప్పించి, తానూ అదే తెప్పించుకున్నాడు. నేను లేకుంటే మరొకటి తెప్పించుకొనేవాడేమో. నేను అడగలేదు. వాడు చెప్పలేదు.

అటువంటి చోట కూర్చుంటే పాతవారి పేర్లు వాటంతట అవే వస్తాయి. ఎదురు నాటకశాలను కట్టించిన హోరేస్ టేబర్ ఒక కిరాణా వ్యాపారి. 1878లో ఇద్దరు పేద జర్మనులకు తవ్వకానికి పోతూ ఉంటే కొద్దిపాటి సరుకు అప్పుగా ఇచ్చి, దొరికినదానిలో మూడోవంతు తనకని ఒప్పందం చేసుకొన్నాడు. వాళ్లకు లిటిల్ పిట్స్‌బర్గ్ అనే గని తగిలింది. కొట్టు నడిపినవాడు ఏడాదిలోపల కోటీశ్వరుడు అయ్యాడు. 1879 నవంబరులో ఆపెరా హౌస్ తెరిచాడు. 1882 ఏప్రిల్‌లో ఆస్కార్ వైల్డ్ ఆ వేదికమీద ప్రసంగించాడు. ఇక్కడి ఒక సెలూనులో, పియానో వాయించేవానిని దయచేసి కాల్చవద్దని కోరే ప్రకటన చూశానని తరువాత నవ్వుతూ చెప్పుకొన్నాడు.

కాల్చడం అన్నది నవ్వులాట మాత్రమే కాదు. ఆ నాటకశాల పక్కనే హైమన్ సెలూను ఉండేది. డాక్ హాలిడే అనే దంతవైద్యుడు, జూదరి, తుపాకిపట్టులో పేరుమోసినవాడు, 1884 ఆగస్టులో అక్కడ బిల్లీ ఆలెన్ అనేవాడిమీద కాల్పులు జరిపాడు. తగవు ఎంత సొమ్ముకు? అయిదు డాలర్ల అప్పుకు! ఆలెన్ చేతికి గాయమైనది, బతికాడు. 1885లో న్యాయస్థానం హాలిడేను విడిచిపెట్టింది. క్షయరోగంతో ఆ ఊపిరాడని ఊరిలో దగ్గుకొంటూ తిరిగిన ఆ మనిషి 1887లో ముప్పైయారేళ్లకే పోయాడు. అయిదు డాలర్లు. ఈ అంకెను మిత్రులు గుర్తుపెట్టుకోవాలి. చిన్న సొమ్ముకు పెద్ద పగ అనే ధర్మసూక్ష్మం మా ఇంటి కథలోనూ ఉన్నది.

మా పక్క స్టూలుమీద ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. క్లైమాక్స్ గనిలో పనిచేసి విరమించినవాడట. ఎక్కడినుండి వచ్చారని అడిగాడు. ఇండియా అని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, నన్ను పైకీ కిందికీ చూసి, నవ్వుతూ అన్నాడు: "అయితే మా ఊరిని ముంచినది మీరేనన్నమాట!"

నాకు అర్థం కాలేదు. మా అబ్బాయికీ కాలేదు. ఆయన వేలితో అద్దంవైపు చూపించి, "1893లో మీ దేశం వెండిని వద్దన్నది. వారం తిరగకుండా ఇక్కడి గనులు మూతబడ్డాయి. మా తాత చెప్పేవాడు" అన్నాడు. అంతకంటే ఆయనకు వివరం తెలియదు. మరో మాటలోకి వెళ్లిపోయాడు. నా మనసు మాత్రం అక్కడే నిలిచిపోయింది. 1893, వెండి, వద్దన్నది. ఈ మాటలు ఎక్కడో తగులుతున్నాయి. ఎక్కడ?

ఇంటికి వచ్చి నెలరోజులు అదే పనిగా చదివాను. తెలిసినది ఇది.

ఆనాటి మన రూపాయి వెండి నాణెం. బరువు సరిగ్గా ఒక తులం. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. మన పెద్దలు తూకానికి 'రూపాయెత్తు' అనేది అందుకే. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. కలకత్తా, బొంబాయి టంకశాలల తలుపులు ప్రజలందరికీ తెరిచి ఉండేవి. ఎవరైనా వెండి తీసుకొనిపోయి ఇస్తే, నూటికి రెండు వంతుల ముద్రణ రుసుము పోగా, దానిని రూపాయలుగా కొట్టి ఇచ్చేవారు. అంటే వెండి నగ కేవలం నగ కాదు. కాళ్లకూ చేతులకూ తొడుక్కొన్న రూపాయలే. రైతు ఇంట్లో బ్యాంకు ఇల్లాలి ఒంటిమీద ఉండేది.

1870ల నుండి ఐరోపా దేశాలు ఒక్కొక్కటిగా వెండిని విడిచి బంగారం పట్టుకొన్నాయి. మరోవైపు లెడ్‌విల్ వంటి చోట్ల వెండి కుప్పలుగా తవ్వారు. ధర జారింది. వెండితోబాటు మన రూపాయి విలువ కూడా జారింది. ఒకప్పుడు రెండు షిల్లింగులుండిన రూపాయి, 1893 నాటికి షిల్లింగున్నరకు బాగా దిగువకు వచ్చింది. ఇక్కడి ప్రభుత్వం మననుండి పన్ను రూపాయల్లో వసూలు చేసి, లండనుకు కట్టవలసిన పింఛనులు, సైన్యపు ఖర్చులు, రైల్వే వడ్డీలు పౌండ్లలో కట్టాలి. రూపాయి పడిన కొద్దీ ఎక్కువ రూపాయలు కావాలి. పన్నులు పెంచితే జనం ఊరుకోరని భయం. అందుకు దొరలు కనిపెట్టిన ఉపాయం టంకశాలలు మూయడం. రూపాయలు కొత్తగా పుట్టకుంటే ఉన్నవాటికి గిరాకీ పెరుగుతుంది కదా. హెర్షెల్ కమిటీ సరేనన్నది. 1893 జూన్ 26న సిమ్లాలో చట్టం చేశారు. ఒక్క రోజులో పని ముగిసింది.

పంచాంగం తిరగవేసి చూశాను. అది విజయ నామ సంవత్సరం! పేరులో ఏమున్నదని ఊరకే అన్నారా?

ప్రపంచపు వెండిని మింగే దేశాలలో మనది ముందుండేది. ఆ నోరు మూతపడగానే వెండి ధర కొద్దిరోజుల్లోనే కుప్పకూలింది. కొలరాడోలో గనులు, వెండిని కరిగించే కొలుములు వరుసగా మూతబడ్డాయి. జూలైలో డెన్వర్‌లో మూడురోజుల్లో పన్నెండు బ్యాంకులు తలుపులు వేశాయి. అమెరికా ప్రభుత్వం 1890 చట్టం ప్రకారం నెలకు 45 లక్షల ఔన్సుల వెండి కొంటూ ఉండేది. ఆ సంవత్సరం నవంబరు 1న ఆ చట్టాన్నీ రద్దు చేశారు. మిగిలిన ఒక్క ఊతకర్ర కూడా విరిగింది. టేబర్ సంపద మంచులా కరిగిపోయింది. ఒకప్పుడు సెనెటరుగా కూర్చున్నవాడు చివరకు డెన్వర్‌లో పోస్టుమాస్టరు ఉద్యోగం చేస్తూ 1899లో చనిపోయాడు. రెండో భార్య బేబీ డో, లెడ్‌విల్‌లోని మ్యాచ్‌లెస్ గని పక్క గుడిసెలో ఒంటరిగా ఏళ్లతరబడి బతికి, 1935 మార్చిలో చలికి బిగుసుకొని మరణించింది.

ఒక కొండమీది ఊరి నొసటి రాతను ఏడువేల అడుగుల పైనున్న మరో కొండమీది ఊరిలో రాశారు. రాసినవారు లెడ్‌విల్‌ను తలచనైనా తలచి ఉండరు. ముసలాయన "మీరు ముంచారు" అన్నాడు గాని, ఆ 'మీరు'లో మనవాళ్లు ఎవరూ లేరు. మునిగినవారిలో మాత్రం మనవాళ్లు ఉన్నారు. ఇక మా ఇంటి కథకు వస్తాను.

మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె. మా జేజి (నాయనకు తల్లి) చెప్పగా నేను నూరుసార్లు విన్న కథ ఇది. జేజి అత్తగారికి పెళ్లినాడు పెట్టిన వెండి కడియాల జత ఒకటి ఉండేది. రూపాయలు కరిగించి చేయించినవి. జతకు నలభై తులాలు. ఆమె అత్తగారు ధాత కరువు చూసిన మనిషి. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. రాయలసీమలో ఆ పేరు చెబితే ఇప్పటికీ ముసలివాళ్లు చేయి నుదుటికి ఆనించుకొంటారు. ఆ కరువులో ఆమె నడుము వడ్డాణం అమ్మి ఇల్లు నిలబెట్టింది. తులానికి రూపాయికి కాస్త తక్కువగా వచ్చిందట. "వెండి ఉంటే భయం లేదు, కరువు వస్తే అది రూపాయి అవుతుంది" అని కోడలికి చెప్పి కడియాలు భద్రపరచమన్నది.

ఇరవైయేళ్లకు దుర్ముఖి నామ సంవత్సరం వచ్చింది. 1896-97. మళ్లీ కరువు. కర్నూలు, బళ్లారి, అనంతపురం, కడప జిల్లాలు ఎండిపోయాయి. ఇంట్లో ఇద్దరు పసిబిడ్డలు. ఆ ఇల్లాలు కడియాలు తీసి మూటగట్టి భర్తతో షరాబు వద్దకు పంపింది. నలభై రూపాయలు వస్తాయని ఎదురుచూస్తే, వచ్చినవి ఇరవైఅయిదు. తులానికి పది అణాలు! అదేమని అడిగితే షరాబు, "వెండి ధర పోయింది స్వామీ, నేనేం చేసేది" అన్నాడట. రూపాయి మాత్రం రూపాయిగానే ఉన్నది కదా, అందులో ఉన్నదీ తులం వెండే కదా, వెండి ధర ఎక్కడికి పోయింది? ఇది మా ముత్తాత ప్రశ్న. షరాబు వద్ద జవాబు లేదు. ఇద్దరు బిడ్డల్లో ఒకడు ఆ ఏడాది దక్కలేదు. దక్కినవాడు మా తాత.

ఆనాటినుండి షరాబు ఇంటి పేరు మా ఇంట్లో తిట్టు అయినది. ఎవరైనా తూకంలో మోసం చేస్తే "పదిహేను రూపాయల షరాబు" అనేవారు. ఆ ఇంట నీళ్లు తాగరాదని కట్టడి. నేను ఉన్నత పాఠశాలలో చదివేనాడు ఆ వంశంలోని పిల్లవాడు నా పక్కన కూర్చునేవాడు. మంచివాడు. లెక్కల్లో నాకు సాయం చేసేవాడు. అతని పెళ్లికి స్వయంగా వచ్చి పిలిస్తే నేను వెళ్లలేదు. జేజి అప్పటికి బతికి ఉన్నది. ఆమె మనసు కష్టపెట్టరాదని సాకు చెప్పుకొన్నాను. నిజానికి ఆ పగ అప్పటికి నా రక్తంలోనూ చేరింది. బిడ్డ చావుకు లెక్కగట్టిన పగ అది. చిన్నదని ఎలా అంటాను?

లెడ్‌విల్ నుండి వచ్చాక కాగితంమీద లెక్క వేశాను. 1897 ప్రాంతంలో లండనులో వెండి ధర స్టాండర్డు ఔన్సుకు సుమారు 27 పెన్నీల పైమాట. రూపాయిలోని వెండిని ఆ ధరకు కడితే సుమారు పది పెన్నీలు అవుతుంది. టంకశాలలు మూసి ప్రభుత్వం రూపాయిని నిలబెట్టదలచినది పదహారు పెన్నీల వద్ద. పదహారు అణాల రూపాయిలో వెండి విలువ పది అణాలు! కలం అక్కడే ఆగిపోయింది. తిరగవేసి మళ్లీ కట్టాను. అదే వచ్చింది.

షరాబు ఇచ్చినది ఆనాటి బజారు ధర. కొట్టు ఖర్చుకైనా మిగుల్చుకొన్నాడో లేదో! పదిహేను రూపాయలు ఎవరూ పెట్టెలో దాచుకోలేదు. 1893 జూన్ 26 మధ్యాహ్నానికే అవి కడియాల్లోనుండి మాయమైపోయాయి. కాళ్లకు ఉన్న కడియాలు కాళ్లకే ఉన్నాయి. మూడేళ్ల తరువాత మూట విప్పినప్పుడు గాని ఆ సంగతి తెలియలేదు. సిమ్లాలో దొరలు ముద్ర వేసినప్పుడు మా ముత్తవ్వ ఏ చేలోనో కలుపు తీస్తూ ఉండి ఉంటుంది.

ఆ షరాబు ధర్మరాజు అని నిరూపించడానికి నావద్ద ఆధారం లేదు. తూకంలో గురిగింజ ఎత్తు లాగాడేమో, దేవుడికే తెలియాలి. నేను చెప్పేది ఒక్కటే. అతడు మోసగాడు అనడానికి మావద్ద ఉన్న ఒకే ఒక ఆధారం, ఆ పది అణాల ధర, ఇప్పుడు అతని పక్షాన సాక్ష్యం చెబుతున్నది.

ఈ అన్యాయాన్ని ఆనాడే గుర్తించినవారు లేకపోలేదు. దాదాభాయి నౌరోజీ 1898లో కరెన్సీ కమిటీ ముందు టంకశాలల మూసివేతను గట్టిగా ఖండించారు. రూపాయిని కృత్రిమంగా పైకెత్తడమంటే రైతునుండి తెలియకుండా పన్ను గుంజడమేనని ఆయన వాదం. ఆ వాదం మా పల్లెకు చేరలేదు. చేరి ఉంటే మా ముత్తాత కోపానికి మరో చిరునామా దొరికి ఉండేది.

లెడ్‌విల్‌లో మాత్రం ఆ దుర్ముఖి ఏమి చేసిందని వెదికాను. వెండి పడిపోయినదని గనుల యజమానులు 1893 తరువాత చాలామందికి రోజుకూలి మూడు డాలర్ల నుండి రెండున్నరకు తగ్గించారు. అందరికీ మూడు డాలర్లు ఇవ్వాలని 1896 జూన్‌లో కార్మికులు పని మానారు. యజమానులు మిగిలిన గనులూ మూసి మరికొందరిని వీధిన పడవేశారు. మొత్తం రెండువేల పైచిలుకు మంది. సెప్టెంబరు 21న కొరొనాడో గనిమీద దాడి జరిగి అది తగలబడింది, ప్రాణాలు పోయాయి. సైన్యం దిగింది. 1897 మార్చిలో సమ్మె ఓడిపోయి ముగిసింది. మన పంచాంగం ప్రకారం అంతా దుర్ముఖిలోనే. అక్కడ అర డాలరు కోసం, ఇక్కడ ఆరణాల కోసం, ఒకే ఏడాది రెండు ఊళ్లలో మనుషులు తమకు కనిపించిన మనిషిమీద పళ్లు కొరికారు. వాళ్లకు కనిపించినవాడు గని యజమాని. మాకు కనిపించినవాడు షరాబు. యజమానికైనా కూలి తగ్గించడంలో లాభం ఉన్నది. మా షరాబుకు ఏమున్నదో ఇప్పుడు నాకు తెలియడం లేదు.

సెలూను నుండి బయటికి వచ్చాక మా అబ్బాయి నన్ను ఊరి చివర ఎవర్‌గ్రీన్ శ్మశానానికి తీసుకొనిపోయాడు. పైన్ చెట్ల నీడలో నేలమీద వరుసగా గుంటలు. రాయి లేదు, పేరు లేదు. ఐర్లండు కరువునుండి, దాని తరువాతి పేదరికంనుండి పారిపోయి వచ్చిన కుటుంబాల వాళ్లు, సుమారు 1,300 మంది ఐరిష్ వలసకూలీలు, వారి బిడ్డలు అక్కడ ఉన్నారు. ఎక్కువమంది పడుచువాళ్లు, పసివాళ్లు కూడా ఎందరో. 2023లో వారికి ఒక స్మారకం నిలిపి పేర్లు చెక్కారు. ఆ పేర్ల పక్కన వయసులు చదువుతూ ఉంటే, దుర్ముఖిలో దక్కని మా తాతగారి అన్న గుర్తుకు వచ్చాడు. అతనికి కూడా గుర్తు లేదు. పేరైనా మా జేజి చెప్పలేదు. ఆమెకూ తెలిసి ఉండదు.

ఆగస్టులో ఊరికి తిరిగి వచ్చాను. వారం తరువాత షరాబు ఇంటికి వెళ్లాను. అరవైయేళ్ల పైబడిన వయసులో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. నా సహాధ్యాయి కాలంచేసి ఆరేళ్లయినదట. ఆ సంగతీ నాకు తెలియదు. అతని కొడుకు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు. కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చాడు. తాగాను. కడియాల కథ, సిమ్లా చట్టం, పది అణాల లెక్క అన్నీ చెప్పాను. మీ పెద్దలను మా ఇంట్లో నూట ఇరవైయేళ్లకు పైగా అన్యాయంగా తిట్టుకొన్నామని చెప్పాను.

ఆ అబ్బాయి ఓపికగా విన్నాడు. చివరకు, "సార్, మా ఇంట్లో ఈ కథ ఎవరూ ఎప్పుడూ చెప్పలేదే! మీరు మా నాన్న పెళ్లికి ఎందుకు రాలేదా అని మాత్రం ఆయన ఒకటి రెండుసార్లు అనేవాడు" అన్నాడు.

అంతే. పగ అంతా మా ఇంట్లోనే ఉన్నది. ఆ ఇంటికి చేరినది నేను వెళ్లకుండా ఖాళీగా వదిలిన ఒక్క విస్తరి మాత్రమే.

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ అని పిల్లలకు ముప్పైయేళ్లు పాఠం చెప్పిన బడిలో నేనూ ఒకడిని. మన ఇళ్లలో తరతరాలుగా ఒక మనిషిమీదనో ఒక కులంమీదనో ఒక ఊరిమీదనో నడిచే నిందల వెనుక ఏ టంకశాల తలుపు మూతబడిన చప్పుడు ఉన్నదో వెదకడం కూడా చరిత్రే అని నాకు ఆలస్యంగా తెలిసింది. వెదికితే ప్రతిసారీ నింద తప్పని తేలుతుందని నేను అనను. కొన్ని నిందలు నిజాలే కావచ్చు. వెదకకుండా మాత్రం పిల్లలకు అప్పగించవద్దు.

మిత్రుల ఇళ్లలో పెద్దలు చెప్పిన ధాత కరువు కథలు, వెండి అమ్మిన కథలు ఉంటే రాయండి. ధర గుర్తుంటే తప్పక రాయండి. లెక్క నేను కట్టి పెడతాను.